మూమెంట్ అంటే ఏ మూమెంట్?

ఆగస్టు 4, సోమవారం

తలుపు కొట్టుకోలే.

ఇది ఎవ్వలకు చెప్పుకునే ముచ్చట గాదు కాబట్టి ఈడ రాస్తున్న. హెచ్‌ఓడీ రమాకాంత్ సార్ రూముకు పోయి నిలబడి మాట్లాడిన. పొద్దుగాల అద్దం ముంగట అనుకున్న మాటలే, ఒక్కటి గూడ తప్పలే. "సార్, మన సివిల్ బ్రాంచిల సగం మంది తెలుగు మీడియం నుంచి వచ్చినోళ్లు. ఇంజనీరింగ్ మెకానిక్స్ ఇంగ్లీషుల చెప్తే బోర్డు మీద బాణాలు కనవడుతయి గని అర్థం కనవడది. తెలుగుల చెప్పాలె. చెప్పేదాంక సప్లిమెంటరీ పరీక్షను బహిష్కరిస్తం."

సార్ కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. "బహిష్కరిస్తం అంటే ఎవరెవరు?"

"విద్యార్థి లోకం."

"ఆ లోకంల మెకానిక్స్ బ్యాక్‌లాగ్ ఉన్నోళ్లల్ల నువ్వు గూడ ఉన్నవ్ గద, దినేశ్."

గప్పుడు కోపమొచ్చింది. "ఇది వ్యక్తిగత సమస్య కాదు సార్, వ్యవస్థ సమస్య" అని బయటికి నడిచి, ఉన్న బలమంత పెట్టి తలుపును ఎనుకకు నూకిన. కారిడార్ల మస్తు మంది ఉన్నరు. దబ్బున కొట్టుకోవాలె. గోడ అదరాలె.

కొట్టుకోలే. నేను పెట్టిన జోరంత ఎటు వోయిందో, ఎవలో లోపటికెల్లి పట్టుకున్నట్లు ఆగి, సుయ్యిమనుకుంట మెల్లగ, ఇంక మెల్లగ మూసుకుంది. అది మూసుకునేదాంక నేను గాడనే నిలబడ్డ. పోవచ్చు. పోలే. ఆఖరుకు సందులకెల్లి సార్ గొంతు వినవడ్డది.

"కొత్తది పెట్టిన్రు, దినేశ్. హైడ్రాలిక్."

ఆగస్టు 5

తలుపు గురించి ఆలోచిస్తలేను.

ఆగస్టు 6, బుధవారం

నేను రాసుకుంటుంటే బాపు వంగి చూసిండు. "పాంప్లెటా?"

"కాదు."

"మరి ఎన్ని కాపీలు?"

మా బాపు రాజమల్లయ్య లోకంల చేతిరాత అంటే అచ్చుకు రాబోయే సరుకు. పాత బస్టాండ్ ఎనుక మా ప్రెస్సుల నేను పుట్టలే గని పెరిగింది గాడనే. అందరు పుస్తకాలు చదివి ఆలోచనల పడ్తరంట. నేను పాంప్లెట్లు చదివి పడ్డ. అచ్చు తప్పు పడ్డయి, సిరా అలుక్కున్నయి, మిగిలినయి, అన్ని ఇంటికొచ్చేటివి. కార్మిక సోదరులారా చదివిన, మూఢనమ్మకాలను తరిమికొట్టండి చదివిన, ఆపరేషన్ లేకుండ మొలల వైద్యం చదివిన. దేన్లనన్న ఒకటే గుణం: పాంప్లెట్ ఎన్నడు గూడ 'బహుశా' అనది. గదే నాకు నచ్చింది.

అమ్మ పేరు స్వరాజ్యం. మా ఇంట్ల స్వరాజ్యం మస్తు ఏండ్ల కిందనే వచ్చింది, ఇగ స్వేచ్ఛ సంగతే చూడాలె. ఇయ్యాల అన్నం పెట్టుకుంట అడిగింది: "పరీక్ష రాయవంట?"

"బహిష్కరిస్తున్న."

"రాయకపోతే?"

చెప్పిన. మెకానిక్స్ పోతే క్రెడిట్లు సాలవు. ఇప్పుడు థర్డియర్ల కూసోబెట్టింది తాత్కాలికం. ఎనుకకు పంపుతరు, సెకండియర్ల మల్ల చదవాలె. ఈ ఏడు సెకండియర్ సివిల్ అంటే మా చెల్లె వర్షిత క్లాసు.

వర్షిత ముద్ద నోట్లకు పోకముందే ఆపింది.

బహిష్కరణకు, దీనికి సంబంధం లేదు. ఇది ఈడ స్పష్టంగ రాసి పెట్టుకుంటున్న.

ఆగస్టు 9, రాఖీ

వర్షిత రాఖీ కట్టి చెయ్యి సాపింది. జేబుల పెట్టుకున్న చాక్లెట్ ఇచ్చిన. తీసుకోలే.

"నాకు గిఫ్టొద్దన్నా. మా క్లాసుకు రాకు, సాలు."

"రానీకె నేను రెడీగ ఉన్ననా?"

"ఒక్కటే ఇంటిపేరు. అటెండెన్స్‌ల నా పక్క పేరు నీదే ఉంటది. నువ్వు రాకపోతే 'ఏమ్మా, మీ అన్న లేవలేదా' అని నన్నడుగుతరు. నువ్వొస్తే ఇంక కష్టం, లేచి లొల్లి పెడ్తవు. నేను కూసున్న బెంచి ఇరుగుతది."

"బెంచి గురించి బాధపడుతున్నవా?"

"పరీక్ష రాయన్నా."

చాక్లెట్ నేనే తిన్న. ఉద్యమంల ఇంటి మనుషులే మొదటి అడ్డంకి అని ఒక పాంప్లెట్ల చదివిన. ఎవలదో యాదికి లేదు.

ఆగస్టు 11, సోమవారం

పాంప్లెట్ అచ్చయింది. ఈడ ఎక్కించి పెడుతున్న, రేపటినాడు పనికొస్తది.

జాయిన్ ద మూమెంట్!
విద్యార్థి మిత్రులారా! ఎంత ఫోర్స్ పెట్టినా కదలని ఈ సిస్టం సంగతి తేల్చుకుందాం! సిస్టం రెస్పాన్స్ ఎక్కడ? యాక్షన్‌కు రియాక్షన్ తప్పదు! ఇంజనీరింగ్ మెకానిక్స్ తెలుగులోనే! ఆగస్టు 23, శనివారం ఉదయం పది గంటలకు సెమినార్ హాలుకు తరలి రండి!

హెడ్డింగు మాత్రం ఇంగ్లీషు అక్షరాలల్ల కొట్టిపిచ్చిన. నా దోస్తు గజేందర్ అడిగిండు, "తెలుగు కోసం పాంప్లెట్, నెత్తి మీద ఇంగ్లీషేందిరా?" ఇంగ్లీషు ఉంటెనే మనోళ్లు చేతిల పట్టుకుంటరని చెప్పిన. వాడు తలకాయ ఊపిండు. గజేందర్ దేనికైనా తలకాయ ఊపుతడు, గందుకే వాడు ఉద్యమానికి అవసరం.

ఆగస్టు 13, బుధవారం

గెలిచినం.

కారిడార్ల రమాకాంత్ సార్ ఎదురైండు, చేతిల మన పాంప్లెట్. పోట్లాటకు ఛాతి ఇరిసి నిలబడ్డ. సార్ నా భుజం మీద చెయ్యేసిండు.

"శాబాష్. మూమెంట్ మొదలు పెట్టినవ్."

"ఔ సార్. ఇగ ఆగది మూమెంట్."

"ఆగొద్దు. ఫోర్స్ గూడ పెట్టినవ్, సిస్టం రెస్పాన్స్ పెట్టినవ్, యాక్షన్ రియాక్షన్ పెట్టినవ్. మస్తుగ కవర్ చేసినవ్. అది గూడ తెలుగుల. ప్రిన్సిపల్ సార్‌కు చూపెట్టిన, ఆయన గూడ సంతోషపడ్డడు."

ప్రిన్సిపల్ సంతోషపడ్డడా?

"హాలు తాళం ఇప్పిస్త. సెకండియర్ మొత్తాన్ని పట్టుకొస్త. మేము ఎనుక కూసోని వింటం. మొదలు నువ్వే మాట్లాడాలె."

ఒక్క పాంప్లెట్‌కు మేనేజ్‌మెంట్ మొత్తం మోకాళ్ల మీదికొచ్చింది. చరిత్రల ఇసుంటివి తక్కువ.

అదే రోజు, మాపటికి

వర్షిత ప్రెస్సుల నేల మీద కూసోని నవ్వుతున్నది. చేతిల పాంప్లెట్. నవ్వు ఆగనీకె అమ్మ నీళ్లు తాపింది, నీళ్లు ముక్కులకెల్లి వచ్చినయ్.

"అన్నా, ఉద్యమం మూమెంట్‌ల మూడో అక్షరం 'వి' ఉంటది. నువ్వు గాడ 'ఎం' పెట్టినవ్."

"అయితే?"

"అయితే ఇది ఉద్యమం గాదు. ఇది మా మెకానిక్స్‌ల రెండో యూనిట్. బలం ఇంటు దూరం, గా మూమెంట్. నువ్వు కాలేజీ మొత్తాన్ని రెండో యూనిట్‌కు తరలి రమ్మన్నవ్."

బాపు దిక్కు చూసిన. "నువ్వు రాసిచ్చిందే కొట్టిన" అన్నడు బాపు. "నాకు ఇంగ్లీషు ఏడిది రా. సిరా మంచిగ పడ్డదా లేదా?"

సిరా మంచిగనే పడ్డది.

మన నోట్లె రెండు గూడ మూమెంటే. ఈ సిద్దిపేటల పుట్టి, ఉయ్యాలల ఉన్నప్పటి నుంచి మూమెంట్, మూమెంట్ అని వినుకుంట పెరిగినోనికి నడుమ 'వి' ఉన్నదో 'ఎం' ఉన్నదో ఎవలు చెప్పిన్రు? ఈ ఇంగ్లీషు భాష మీద నాకు ఉన్న కోపం ఇయ్యాల న్యాయమైందని తేలింది.

సార్‌కు నిజంగ అర్థం కాలేదా? యాదికి తెచ్చుకుంటే, భుజం మీద చెయ్యేసినప్పుడు సార్ మూతి ఒక దిక్కు వంకర ఉండె. పంటి నొప్పి గూడ కావచ్చు.

ఆగస్టు 14

గజేందర్‌ను అడిగిన, తప్పు పడ్డదని ఒప్పుకుందమా అని. "ఒప్పుకుంటే కాలేజీ ఇడిసేదాంక నీ పేరు మూమెంట్ దినేశే" అన్నడు. తలకాయ ఊపకుంట చెప్పిండు, గందుకే నమ్మిన.

నిర్ణయం: ఇరవై మూడు తారీఖు సభ జరుగుతది. మెకానిక్స్ మీదనే మాట్లాడుత. తెలుగుల. ఇది ఎనుకడుగు గాదు, వ్యూహం.

మెకానిక్స్ నాకు రాదు. గదొక్కటే ఇబ్బంది.

ఆగస్టు 16, శనివారం

పుస్తకం తెరిచిన. కొత్త పుస్తకం వాసన ఇంక పోలే.

పద్ధతి ఇట్ల కుదిరింది: వర్షిత ఇంగ్లీషుల చదువుతది, నేను తిడుత, ఆ తిట్లకెల్లి అర్థం బయటికొస్తది. ఆమె క్లాసుల ఇంక మొదటి యూనిట్ కాలే గని ఈమె ముందే అన్ని చదివి పెట్టుకుంది. ఇసుంటోళ్లతోనే వ్యవస్థ నడుస్తది.

"రిజిడ్ బాడీ అంటే, ఎంత నూకినా, ఎంత గుంజినా ఆకారం మారని వస్తువు" అన్నది.

"అచ్చం నాలెక్క."

"లోకంల అసుంటిది లేనే లేదంటన్నా. లెక్క సులువయితదని ఉన్నట్టు అనుకుంటరంట."

పుస్తకం మూసిన. కొద్దిసేపాగి తెరిచిన.

మూమెంట్ మాత్రం మంచిగున్నది. ఎంత బలం పెట్టినవన్నది సగమే, ఇరుసుకు ఎంత దూరంల పెట్టినవన్నది మిగిలిన సగం. ఇరుసు మీదనే నూకితే ఏనుగు బలమైనా తిరగది. ఇది ఇంత సులువైతే ముందే ఎందుకు చెప్పలే? వర్షిత అన్నది: "చెప్పిన్రు. నువ్వు ఆ రోజు గేటుకాడ ధర్నాల ఉన్నవ్."

ఆగస్టు 18, సోమవారం

కాలేజీ నుంచి ముగ్గురం గజేందర్ బండి మీద వచ్చినం. ఆ బండికి షాకబ్జార్బర్లు ఉన్నయంటే ఉన్నయి. కోమటి చెరువు దిక్కు రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినం. దిగినంక బండి ఎగిరింది. మల్ల ఎగిరింది. సాపు రోడ్డు మీద మేము ముగ్గురం మొక్కజొన్న పేలాల లెక్క ఎగురుకుంట పోతున్నం, చాయ్ డబ్బాకాడ ఉన్నోళ్లు లేచి చూస్తున్నరు.

"గిదేనన్నా" అని ఎనుకకెల్లి మొత్తుకుంది వర్షిత. "సిస్టం రెస్పాన్స్."

ఇంటికొచ్చి చెప్పింది. ఏ సిస్టంకైనా ఒక్క దెబ్బ తగిలితే అది ఎట్ల కదులుతది, ఎంత సేపటికి కుదుటవడుతది, గదే రెస్పాన్స్. ఊగుడును ఆపేదాని పేరు డాంపింగ్. అది తక్కువుంటే గజేందరన్న బండి. మస్తు ఎక్కువుంటే రమాకాంత్ సార్ తలుపు, ఎంత కోపంతోని నూకినా అది దాని తీరికనే చూసుకుంటది.

తలుపు సంగతి ఈమెకు ఎవలు చెప్పిన్రు?

"కాలేజీ మొత్తం చెప్పింది" అన్నది. "ఇంకోటి చెప్పాల్నా? నువ్వు గూడ గజేందరన్న బండే. ఎవలన్న ఒక్క మాటంటే పది సార్లు ఎగురుతవ్."

"నేను ఎగురుతనా?" అని లేచి బయటికి పోయిన. గడప దాటినంక జవాబు తట్టింది, ఎనుకకొచ్చి గట్టిగ చెప్పిన. పోయిన. ఇంకోటి తట్టింది. వచ్చి చెప్పిన, ఈసారి గొంతు అంత లేవలే. పోయిన. నాలుగోసారి వచ్చింది చెప్పుల కోసమే, అయినా పోతపోత ఒక మాట అన్న, అది నాకే సరిగ్గ వినవడలే.

వర్షిత గాల్ల వేలు పెట్టి గీత గీస్తున్నది. పెద్ద అల, చిన్న అల, ఇంక చిన్న అల.

వంటింట్లకెల్లి అమ్మ అన్నది: "కూసో."

కూసున్న.

"క్రిటికల్ డాంపింగ్" అన్నది వర్షిత. "ఒక్కసారికే సున్నకు వస్తది, మల్ల లేవది."

నేను నవ్వలే. బాపు నవ్విండు.

ఆగస్టు 21, గురువారం

సభల ఏం చూపెట్టాల్నో దొరికింది. ప్రెస్సుల చెక్క పలక ఏటవాలు పెట్టి రెండు ఇడిసిన: ఒకటి కొత్త ఫ్లెక్స్ చుట్ట, ఇంకోటి అంతే లావున్న ఖాళీ అట్ట గొట్టం. అట్ట గొట్టం గాలికే ఎగురుతది, అదే ముందుంటదనుకున్న. ఫ్లెక్స్ చుట్ట దాన్ని ఎనుకేసి దొర్లుకుంట పోయి బాపు కాలికి తాకింది.

"సరుకురా అది" అన్నడు బాపు.

మల్ల ఇడిసిన. మల్ల గదే. బాపుకు గూడ పనివోయింది, స్టూలేసుకొని కూసున్నడు. "గొట్టాన్ని జర ముందు పెట్టు" అన్నడు. ముందు పెట్టినా ఓడింది.

వర్షిత పుస్తకం చూడకుంట నేనే చెప్పిన. గొట్టం బరువంత అంచుకే ఉన్నది. అంచుల బరువును తిప్పనీకెనే దాని జోరు సగం ఖర్చయితది. చుట్టల బరువు నడుమ దాంక నిండి ఉన్నది, తిరుగుడు సులువు, ఉరుకుడుకు ఎక్కువ మిగులుతది. మొత్తం బరువు ఎంతన్నది గాదు ముచ్చట, అది నడుమ నుంచి ఎంత దూరంల ఉన్నదన్నది ముచ్చట.

నేను తిట్టకుంట చెప్పిన మొదటి వాక్యాలివి. వర్షిత రాసుకుంది.

ఆగస్టు 23, శనివారం

వరుసగ రాస్తే గని అర్థం గాదు.

హాలుల రెండు లోకాలు కూసున్నయి. ఎడమ దిక్కు గజేందర్ పట్టుకొచ్చిన ఉద్యమం, నినాదాలకు గొంతులు సవరించుకొని. కుడి దిక్కు రమాకాంత్ సార్ పట్టుకొచ్చిన సెకండియర్, నోటుబుక్కులు తెరుసుకొని. ఎనుక వరుసల సార్లు, మేడమ్‌లు. ఎవలు ఏ మూమెంట్‌కు వచ్చిన్రో వాళ్లకే ఎరుక.

"మిత్రులారా" అన్న. గజేందర్ బ్యాచి చప్పట్లు కొట్టింది. తర్వాతి మాట యాది మర్చిపోయిన.

అద్దం ముంగట అనుకున్నదంత పోయింది. చేతిల అట్ట గొట్టం ఉన్నది. ఇగ దాన్నే పలక మీద పెట్టిన. "ఇది గెలుస్తదా, ఫ్లెక్స్ చుట్ట గెలుస్తదా?"

తేలికది గెలుస్తదని ఎడమ దిక్కు మొత్తం లేచింది. "అట్ట గొట్టం నాయకత్వం వర్ధిల్లాలి" అని గజేందర్ అరిచిండు, వాడు నినాదం దొరికితే ఇడువడు. రెండింటిని ఒక్కసారి ఇడిసిన. అట్ట గొట్టం నాయకత్వం ఓడింది. నమ్మలే. గజేందర్ స్వయంగ వచ్చి ఇడిసిండు. ఓడింది. ఒక మేడమ్ గూడ లేచొచ్చి ఇడిసింది. మేడమ్‌కు గూడ ఓడింది.

గప్పుడు చెప్పిన. ప్రెస్సుల చెప్పినట్లే చెప్పిన. మూడో బెంచిల ఒక పిల్ల చెయ్యి లేపింది, పేరు సింధుజ అంట, కొమురవెల్లి నుంచి బస్సుల వస్తది. "అన్నా, మల్లొకసారి చెప్పవా? జర మెల్లగ."

నన్ను ఇంతవరకు ఎవలు గూడ మల్ల చెప్పమనలే. ఆపమనే అన్నరు. చెప్పిన, మెల్లగ. పెన్నులు కదిలిన చప్పుడు వినవడ్డది.

తర్వాత నిఖిల్‌ను పిలిచిన. వాడు జిమ్ముకు పోతడు, షర్టు చేతులు వానికి పట్టయి. హాలు తలుపును, అది గోడకు బిగిసి తిరిగే కబ్జాల పక్కనుంచి నూకమన్న. ఇటు దిక్కు అంచుకాడ వర్షితను ఒక్క వేలు పెట్టి ఆపమన్న. నిఖిల్ నూకిండు. మొఖం ఎర్రగయ్యింది. తలుపు కదల్లే. వర్షిత రెండో చెయ్యితోని జడ సవరించుకుంది. హాలు మొత్తం నవ్వింది, రెండు దిక్కులకెల్లి ఒక్కటే నవ్వు.

"గిదే మూమెంట్" అన్న. ఏదో నాకు గూడ ఎరుక లేదు.

గాడనే ఆపాల్సింది. చప్పట్లు ఆగుతలేవు, రక్తం మీదికెక్కింది. "నేను సప్లిమెంటరీ రాస్త" అన్న. "రాసేది తెలుగులనే. ప్రతి జవాబు తెలుగులనే. చూస్త ఎవలు ఫెయిల్ చేస్తరో."

చప్పట్లు ఇంక పెరిగినయ్. వర్షిత మాత్రం కొట్టలే. తలుపుకాడ వేలు అట్లనే పెట్టుకొని నన్ను చూసింది.

అందరు పోయినంక రమాకాంత్ సార్ వచ్చిండు. "ప్రతి శనివారం హాలు నీకే. తెలుగుల చెప్పాలన్నవ్ గద, చెప్పు. నీ డిమాండ్ ఒప్పుకున్నం."

"మేం చెప్పమన్నది మిమ్మల్ని సార్."

"పాంప్లెట్ల ఎవరు చెప్పాలో రాయలే." సార్ కండ్లద్దాలు తీసిండు. "పరీక్ష మాత్రం ఆలోచించుకో. పేపర్లు దిద్దేది ఈడ గాదు. ఎవలకు పోతదో నాకు తెల్వది. ఆయనకు తెలుగు వస్తదో రాదో తెల్వది. వచ్చినా, ఇంగ్లీషు పేపర్‌కు తెలుగు జవాబు చూసి ఒక్క గీత కొట్టి పక్కన పెడితే అడిగేటోడు లేడు."

"చూస్తం సార్" అన్న.

ఆగస్టు 24

ఎందుకన్న.

ఆగస్టు 30, శనివారం

రెండో క్లాసు. నలభై మందికి పైన వచ్చిన్రు. గజేందర్ గూడ వచ్చిండు, వానికి బ్యాక్‌లాగ్ లేదు. లెక్కలు చేయనీకె బాపు ప్రెస్సులకెల్లి పాత పాంప్లెట్లు ఇచ్చిండు, ఎనుక దిక్కు తెల్లగున్నయి. సింధుజ లెక్క చేసిన కాగితం తిప్పి చూస్తే 'ఆపరేషన్ లేకుండ' అని ఉన్నది.

వర్షిత మాట్లాడుతలేదు.

సెప్టెంబర్ 3

వర్షిత మాట్లాడింది. "ఇంగ్లీషుల రాస్తే పాసవుతవ్. నీకు ఇప్పుడు వస్తది. నాకన్న మంచిగ వస్తది." ఇంతే అన్నది.

మాట ఇచ్చిన, నలుగురి ముంగట. మాట ఇయ్యకపోయినా అట్లనే రాద్దును.

రాద్దునేమో.

సెప్టెంబర్ 11, గురువారం

రాసిన.

మొదటి ప్రశ్నకు రెండు లైన్లు ఇంగ్లీషుల పడ్డయి. అది చెయ్యి అలవాటు, నాది గాదు. కొట్టేసి తెలుగుల రాసిన. బొమ్మలు, బాణాలు, సూత్రాలు అన్ని ఉన్నట్లే ఉంటయి, నడుమల మాటలే నావి. జడత్వ భ్రామకం దగ్గర ఆ పేరు యాదికొచ్చింది గని నాకే మింగుడు పడలే, 'తిరుగుడుకు అడ్డం పడే గుణం' అని రాసి ముందుకు పోయిన. ఫ్లెక్స్ చుట్ట గూడ రాసిన. గట్ల రాయొచ్చునో లేదో.

ఇన్విజిలేటర్ నా పక్కన నిలబడి చూసిండు. కొద్దిసేపటికి మల్ల వచ్చి చూసిండు.

ఇంటికొచ్చినంక అమ్మ అడిగింది, ఏ భాషల అని. చెప్పిన. అన్నం పెట్టింది. నా పళ్లెంల ఎప్పటికన్న ఎక్కువ పెట్టింది, ఇగ అది కోపమో ఏమో.

సెప్టెంబర్ 20, శనివారం

క్లాసు బాగ జరిగింది. ఇంతకన్న రాయబుద్ది అయితలేదు.

అక్టోబర్ 6, సోమవారం

ఈ వారంల రిజల్ట్ అంటున్నరు. ఫెయిల్ అని తెలుసు. తెలిసినప్పుడు ఊకె కూసునుడు తప్పు, గందుకే పాంప్లెట్ ముందే కొట్టిపిచ్చిన. 'తెలుగును ఫెయిల్ చేసిన వ్యవస్థ!' ఈసారి హెడ్డింగు గూడ తెలుగే, తప్పు పడే జాగ లేదు. ఇంత మంచిగ నేను ఎన్నడు రాయలే. ఒక్క 'బహుశా' లేదు.

బాపు కట్టలు కట్టుకుంట అన్నడు: "పాసయితే?"

"కాను బాపూ."

"సరే. అయితే అని."

వర్షిత తన బెంచిల ఒక చివరకు జరిగి కూసుంటున్నదని సింధుజ చెప్పింది. నాకు జాగ పెడుతున్నదంట.

అక్టోబర్ 10, శుక్రవారం

పాస్.

గజేందర్ ఫోన్ల చూపెట్టిండు. నాది గాదనుకున్న, హాల్ టికెట్ నంబరు మల్ల కొట్టిచ్చిన. పాస్. అంచు మీద గూడ గాదు, మంచిగనే.

ప్రెస్సు ముంగట నిలబడ్డ. కట్టలు ఉన్నయి. ఛాతిల ఇంత కోపం సిద్ధం చేసి పెట్టుకున్న, దాన్ని ఎవల మీద పెట్టాల్నో తెలుస్తలేదు. వర్షిత ఉరికొచ్చి నన్ను పట్టుకొని ఏడ్చింది, ఏడ్చుకుంటనే "ఆ మొఖమేందన్నా, పాసయినవ్" అన్నది. అమ్మ సత్తు పిండి ముద్దలు తెచ్చి ప్రెస్సులనే అందరికి పెట్టింది.

రెండేండ్ల నుంచి వ్యవస్థ అని తిడుతున్న. అది ఒక పెద్ద గోడ లెక్క, కండ్లు లేని గోడ లెక్క అనుకున్న. ఇయ్యాల సూస్తే అది ఒక మనిషి. ఆయన పేరు తెల్వది. ఆమె గూడ కావచ్చు. ఏదో ఊర్ల కూసోని, పేపర్ల కుప్ప ముంగట పెట్టుకొని, నాది తీసిన్రు. తెలుగు కనవడ్డది. ఒక్క గీత కొట్టి పక్కన పెడ్తే అడిగేటోడు లేడు. కొట్టలే. నా 'తిరుగుడుకు అడ్డం పడే గుణం' చదివిన్రు. ఫ్లెక్స్ చుట్ట దగ్గర నవ్విన్రేమో. అయినా మార్కులేసిన్రు.

ఆ మనిషిని నేను వెయ్యి కాపీలల్ల తిట్టి పెట్టిన.

బాపు మెల్లగ అడిగిండు, కట్టలు ఏం జేద్దమని. లోపట పెట్టు బాపూ అన్న.

అక్టోబర్ 11, శనివారం

క్లాసుకు పోతే అందరు లేచి చప్పట్లు కొట్టిన్రు. నాకు చప్పట్లంటే ఎంత ఇష్టమో ఈ పుస్తకానికి ఎరుకే. ఇయ్యాల అవి ఎందుకో చెవులల్ల కుచ్చుకున్నయి.

చప్పట్లు ఆగినంక వర్షిత లేచింది. ఇంట్ల అడగొచ్చు, గాడనే అడిగింది, అందరి ముంగట.

"అన్నా, డిసెంబర్ల మాకు పరీక్ష. తెలుగుల రాయాల్నా?"

సింధుజ పెన్ను పట్టుకొని చూస్తున్నది. నిఖిల్ చూస్తున్నడు. నలభై మంది నా నోటి దిక్కు చూస్తున్నరు. నేను అవునంటే రాస్తరు. ఆ సంగతి వాళ్ల మొఖాలల్ల కనవడుతుంది. నేను ఇన్ని రోజులు కావాలనుకున్నది గదే.

"ఇంగ్లీషుల రాయి" అన్న.

నేను అన్నది నాకే వినవడ్డది. ఆలోచించి అనలే, నోట్లకెల్లి వచ్చింది. గజేందర్ లేచి నిలబడ్డడు, వానికి తలకాయ ఎటు ఊపాల్నో తెలుస్తలేదు.

"మరి నువ్వు?" అన్నది వర్షిత.

"నాకు ఎవలో ఒకరు దొరికిన్రు. నీకు దొరుకుతరో లేదో నాకు తెల్వది. నీ పేపర్ ఇంకొకరి కుప్పల పడొచ్చు."

"అంటే నువ్వు చేసింది తప్పా?"

"కాదు." కొద్దిసేపు ఆలోచించిన, అందరు చూస్తుంటే ఆలోచించుడు నాకు కొత్త. "కాదు. గని అది నా పరీక్ష. తెలుగుల అర్థం చేసుకోన్రి, ఇంగ్లీషుల రాయున్రి. తెలుగుల రాసినా దిద్దాల్సిందేనని వాళ్లు కాగితం మీద రాసి ఇచ్చిన రోజు చెప్త, గప్పుడు అందరం రాద్దం."

చప్పట్లు రాలే. సింధుజ మాత్రం "సరే అన్నా" అని బొమ్మ గీసుడు మొదలుపెట్టింది.

నేను అన్నది నాకు నచ్చలే. మల్ల అడిగినా గదే చెప్త.

క్లాసు అయినంక రమాకాంత్ సార్ దగ్గరికి పోయిన, యూనివర్సిటీల ఎవల్ని కలవాలె అని. సోమవారం తను గూడ వస్తనన్నడు, పొద్దుగాల గజ్వేల్ మీదికెల్లి పోయే బస్సుకు. అడగాల్సింది ఒక్కటే: పేపర్ తెలుగుల రాసినోళ్లది గూడ చదివి దిద్దుతమని ఒక మాట రాసియ్యాలె.

ఇంటికొచ్చినంక బాపు అడిగిండు, దానికి పాంప్లెట్ కొట్టాల్నా అని. రాద్దమని కూసున్న. 'విద్యార్థి మిత్రులారా' దాంక వచ్చింది. నా పేపర్ దిద్దిన ఆ పేరు తెల్వని మనిషి యాదికొచ్చిన్రు, ఆ తర్వాత ఎవల్ని తిట్టాల్నో తోచలే. కాగితం మీద మిగిలిన జాగల సోమవారం అడిగే మాట రాసుకున్న. రెండు లైన్లల్ల అయిపోయింది.